రోటరీ ఇంజను ఎగ్జాస్ట్ పోర్టు చెక్కవచ్చా? ఒక పాత తగవు సమీక్ష

మాజ్దా రోటరీ కార్ల యజమానుల మధ్య దశాబ్దాలుగా నలుగుతున్న ప్రశ్న ఒకటుంది. ఇంజను విప్పినప్పుడు ఎగ్జాస్ట్ పోర్టును కాస్త చెక్కి పెద్దది చేస్తే శక్తి పెరుగుతుంది. అందులో పెద్దగా పేచీ లేదు. అలా చెక్కిన కారు ఉద్గార పరీక్షలో నెగ్గుతుందా అన్నదే పేచీ. నెగ్గిందని ఒకరు పరీక్ష కాగితం చూపిస్తారు, తప్పిందని మరొకరు ఇంకో కాగితం చూపిస్తారు. రెండూ నిజమైన కాగితాలే అయ్యుండవచ్చు.

ఈ తగవులో మూడు వేర్వేరు ప్రశ్నలు కలగలిసిపోయాయి. పోర్టు దగ్గర, ఇంజను వదిలే వాయువులో ఏముంది? క్యాటలిటిక్ కన్వర్టర్ దాటాక గొట్టం చివర ఏం మిగిలింది? అసలు ఆ మార్పుకు చట్టం ఒప్పుకుంటుందా? గొట్టం చివర శుభ్రంగా ఉందని తేలితే ఇంజను శుభ్రమైందని అర్థం కాదు. పరీక్ష నెగ్గితే చట్టం ఒప్పుకున్నట్టూ కాదు. వాదనలు చాలావరకు ఈ గీతలు దాటేసి నడుస్తాయి. అందుకే ముందు ఇంజను లోపలికి వెళ్లాలి.

ఒక సీలు, రెండు గదులు

పిస్టన్ ఇంజనుకు ఎగ్జాస్ట్ వాల్వు ఉంటుంది. రోటరీకి ఉండదు. హౌసింగ్ లోపల తిరిగే త్రికోణపు రోటర్ మూడు మూలల్లో అపెక్స్ సీళ్లు ఉంటాయి. అవి హౌసింగ్ గోడను రాసుకుంటూ, లోపలి జాగాను గదులుగా విడదీస్తూ పోయే క్రమంలో గోడలోని రంధ్రాలను తెరుస్తాయి, మూస్తాయి. రోటర్ ఒక చుట్టు తిరిగేసరికి ఎక్సెంట్రిక్ షాఫ్టు మూడు చుట్లు తిరుగుతుంది. పిస్టన్ ఇంజనులో 180 డిగ్రీల్లో ముగిసే స్ట్రోకు ఇక్కడ షాఫ్టు లెక్కన 270 డిగ్రీలు సాగుతుంది.

1967 నాటి కాస్మో స్పోర్ట్ మొదలు 2002లో ఉత్పత్తి ఆగిన చివరి ఆర్ఎక్స్-7 వరకు మాజ్దా మార్కెట్లో అమ్మిన రోటరీ కార్లలో ఇన్‌టేక్ పోర్టులు పక్క పలకల్లో ఉండేవి, ఎగ్జాస్ట్ పోర్టు హౌసింగ్ చుట్టుగోడలో ఉండేది. ఇలా చుట్టుగోడలో ఉన్న పోర్టుకు ఒక విచిత్రమైన గుణం ఉంది. అది ఎప్పుడూ పూర్తిగా మూసుకోదు. ఒక అపెక్స్ సీలు దాని మీదుగా పోతున్నప్పుడు వెనకున్న గదికి పోర్టును తెరుస్తుంది, ముందున్న గదికి మూస్తుంది. సీలు మందం కంటే పోర్టు వెడల్పు ఎక్కువ కాబట్టి ఆ కొద్ది సేపూ రెండు గదులూ ఒకే రంధ్రంలోకి తెరుచుకుని ఉంటాయి. వెనక గదిలో అప్పుడే మండిన వాయువు ఒత్తిడితో బయటికి దూకుతుంటే, ముందు గది కొత్త మిశ్రమాన్ని పీల్చడానికి సిద్ధమవుతుంటుంది.

పోర్టు చెక్కడమంటే ఈ తెరిచే అంచును, మూసే అంచును జరపడం. పాత 12ఏ, 13బీ ఇంజనుల్లో విస్తరణ స్ట్రోకు ముగియడానికి 70 డిగ్రీలకు పైగా ముందే ఎగ్జాస్ట్ తెరుచుకుంటుంది. ఎగ్జాస్ట్ స్ట్రోకు ముగిశాక కూడా దాదాపు 40 నుంచి 50 డిగ్రీల వరకు తెరిచే ఉంటుంది. చెక్కేవాళ్లు తెరిచే అంచును ఇంకా ముందుకు, మూసే అంచును ఇంకా వెనక్కి జరుపుతారు, లేదా పక్కలకు వెడల్పు చేస్తారు. ఎక్కువమంది ఈ మూడిటినీ కలిపేసి "ఎగ్జాస్ట్ పోర్టింగ్" అంటారు. ఉద్గారాల దృష్టిలో మాత్రం ఈ మూడూ ఒకటి కావు.

మూసే అంచుది అసలైన దోషం. రోటరీ దహన గది పొడుగ్గా, పలచగా ఉంటుంది. మంట దాని వెనక కొసకు సరిగ్గా చేరదు. మండని ఇంధనం ఆ కొసన, సీలు దగ్గర, గోడ వెంబడి మిగిలిపోతుంది. ఎగ్జాస్ట్ స్ట్రోకు చివర్లో వెనక సీలు దాన్ని ఊడ్చుకొచ్చి పోర్టులోకి తోస్తుంది. పోర్టు ఎంత ఆలస్యంగా మూసుకుంటే ఈ హైడ్రోకార్బన్లు అంత పూర్తిగా బయటపడతాయి. పైగా ఇన్‌టేక్ తెరుచుకున్న తర్వాత కూడా ఎగ్జాస్ట్ మూసుకోకపోతే, ఐడిల్‌లో మ్యానిఫోల్డ్ శూన్యత పొగను వెనక్కి లాగుతుంది. కొత్త మిశ్రమం పలచబడి కొన్ని సార్లు అసలు అంటుకోదు. అంటుకోని మిశ్రమం మొత్తం గొట్టంలోకే పోతుంది.

తెరిచే అంచు అంత చెడ్డది కాదని చెక్కేవాళ్ల నమ్మకం. ముందే తెరిస్తే విస్తరణలో దొరకాల్సిన పని కొంత పోతుంది, ఎగ్జాస్ట్ మరింత వేడిగా వస్తుంది. ఆ వేడి క్యాటలిస్టును త్వరగా పనిలోకి దింపుతుంది కూడా. ఈ వాదన సగమే నిలుస్తుంది. పైన చెప్పిన రెండు గదుల సంగతి వాళ్లు మరిచిపోతున్నారు. తెరిచే అంచు ముందుకు జరిగిన ప్రతి డిగ్రీకీ వెనక గది పొగ ముందు గదిలోకి చొరబడే వ్యవధి కూడా పెరుగుతుంది.

థర్మల్ రియాక్టరు నుంచి రెనిసిస్ దాకా

ఫెలిక్స్ వాంకెల్ ఆలోచన ఎన్ఎస్‌యూ కంపెనీ చేతిలో 1957లో నడిచే ఇంజనైంది. జపాన్‌లో ఆ లైసెన్సు తీసుకున్న టోయో కోగ్యో, అంటే నేటి మాజ్దా, కెనిచి యమమోతో నాయకత్వంలో ఏళ్ల తరబడి సీళ్ల సమస్యతో కుస్తీ పట్టింది. ఉద్గారాలు అప్పటికి ఎవరికీ పెద్ద చింత కావు. 1970లో అమెరికా క్లీన్ ఎయిర్ చట్టం సవరణలు వచ్చాక కథ మారింది. కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లను 90 శాతం తగ్గించాలన్నది ఆ చట్టం కోరిక. డెట్రాయిట్ కార్ల కంపెనీలు అది అసాధ్యమన్నాయి. సాధ్యమని చేసి చూపిన కొద్దిమందిలో హోండాతో పాటు మాజ్దా రోటరీ ఉంది.

అందుకు వాడింది థర్మల్ రియాక్టరు. ఎగ్జాస్ట్ పోర్టుకు ఆనుకుని ఉండే ఈ పెట్టెలోకి పంపుతో గాలి కొడితే మండని హైడ్రోకార్బన్లు అక్కడే కాలిపోతాయి. రోటరీ పొగ సహజంగానే చాలా వేడి కాబట్టి ఈ పద్ధతి దానికి అతికినట్టు సరిపోయింది. దహన ఉష్ణోగ్రత పిస్టన్ ఇంజను కంటే తక్కువ కాబట్టి నైట్రోజన్ ఆక్సైడ్లు మొదటినుంచీ తక్కువే. అంటే ఇంజను లోపమే దాని వైద్యానికి వేడి ఇచ్చింది. అయితే రియాక్టరు మండుతూ ఉండాలంటే మిశ్రమం చిక్కగా ఉండాలి, పెట్రోలు ఖర్చు కావాలి. 1973 చివర్లో చమురు సంక్షోభం వచ్చేసరికి నగరంలో గాలన్‌కు సుమారు 11 మైళ్లిచ్చే కారును అమ్మడం కష్టమైంది. లీటరుకు ఐదు కిలోమీటర్లు కూడా రావన్నమాట. జనరల్ మోటార్స్ తన రోటరీ పథకాన్ని 1974లో అటకెక్కించింది. మాజ్దా ఇంధన వినియోగాన్ని 40 శాతం మెరుగుపరిచే లక్ష్యంతో ఫీనిక్స్ ప్రాజెక్టు పెట్టుకుని, మిశ్రమం పలచబరిచి, 1981 నాటి అమెరికా ఆర్ఎక్స్-7లో రియాక్టరు స్థానంలో క్యాటలిస్టులకు మారింది.

ఇంత జరిగినా పోర్టు స్థానం మారలేదు. అది 2003లో మారింది. ఆర్ఎక్స్-8 కోసం తయారైన రెనిసిస్ ఇంజను, అధికారిక పేరు 13బీ-ఎంఎస్పీ, ఎగ్జాస్ట్‌ను చుట్టుగోడ నుంచి పక్క పలకల్లోకి తెచ్చింది. పక్క పోర్టును తెరిచేదీ మూసేదీ రోటర్ అంచు. ఇన్‌టేక్ తెరుచుకునేలోపే ఎగ్జాస్ట్ మూసుకుంటుంది, రెండిటి మధ్య ఓవర్‌ల్యాప్ సున్నా. వెనక కొసన మిగిలిన మండని ఇంధనం బయటికి పోకుండా తర్వాతి చక్రంలోకి వెళ్లి మండుతుంది. విశేషమేమంటే ఈ ఇంజనులో ఎగ్జాస్ట్ పోర్టు మొత్తం వైశాల్యం పాతదానికి దాదాపు రెట్టింపు. చెక్కేవాళ్లు కోరుకున్న పెద్ద పోర్టును కంపెనీయే ఇచ్చింది, పొగ తగ్గించి మరీ ఇచ్చింది. పోర్టు పరిమాణానికీ ఉద్గారాలకూ నేరుగా లంకె ఉందనే వాదన ఇక్కడే కూలిపోయింది. అసలు లెక్క పోర్టు ఎప్పుడు తెరుచుకుంటుంది, ఎప్పుడు మూసుకుంటుంది, ఎక్కడుంది అన్నదే.

దీనికీ మూల్యం ఉంది. వేడి పొగ ఇప్పుడు సైడ్ సీళ్ల మీదుగా పోతుంది కాబట్టి వాటి గాడుల్లో మసి పేరుకుని సీళ్లు బిగుసుకుపోయే ప్రమాదం వచ్చింది. మాజ్దా సైడ్ సీళ్లను ఏటవాలు కోతతో చేసింది, ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ పోర్టుల మధ్య వాయువు కారకుండా కట్-ఆఫ్ సీలు అదనంగా పెట్టింది. రెండు రోటర్ల మధ్య పలకలో రెండిటికీ ఉమ్మడిగా ఉన్న పోర్టు వేడికి నిలయమైంది. ఇవన్నీ చేసినా యూరో 5 ఉద్గార ప్రమాణాల గడప దాటలేక 2010లో యూరప్ మార్కెట్ నుంచి ఆర్ఎక్స్-8 తప్పుకుంది. 2012లో ఉత్పత్తే ఆగిపోయింది. ఓవర్‌ల్యాప్ లేని పోర్టుకే గడప అందనప్పుడు, చెక్కిన పాత పోర్టు ఎక్కడుంటుందో ఊహించుకోవచ్చు.

వాదాలు

ముట్టుకోకూడదనేవాళ్లది మొదటి వాదం. పోర్టు, కార్బురేటర్ లేదా ఇంజెక్షన్, ఎయిర్ పంపు, ఇగ్నిషన్, క్యాటలిస్టు అన్నీ కలిపి సరిచూసి ధ్రువీకరణ పొందిన ఒకే వ్యవస్థ. అందులో ఒక్కటి మార్చినా మిగతావాటి లెక్క తప్పుతుందంటారు. సూత్రంగా ఇది బలమైన వాదం. వీళ్లు మరిచే సంగతి, ముప్పై నలభై ఏళ్ల కారులో ఆ వ్యవస్థ అప్పటికే చెదిరిపోయి ఉంటుందని. అరిగిన అపెక్స్ సీళ్లు, సగం చచ్చిన క్యాటలిస్టు ఉన్న చెక్కని కారు, శ్రద్ధగా కట్టిన చెక్కిన కారు కంటే మురికిగా ఉండవచ్చు.

రెండోది మితవాదం, ఎక్కువమంది అనుయాయులున్నది. ఇన్‌టేక్‌ను ముట్టుకోకుండా, మూసే అంచును కదపకుండా, ఎగ్జాస్ట్ పోర్టు పక్కల్నీ పై అంచునూ మాత్రమే స్వల్పంగా చెక్కాలి. పోర్టు లోపల దారిని నునుపు చేయాలి. కొత్త క్యాటలిస్టు పెట్టాలి, ఎయిర్ పంపు తీసేయకూడదు, మిశ్రమాన్ని తిరిగి సరిచేయాలి. ఇంజనీరింగ్ పరంగా ఉన్నంతలో ఇదే అందరికంటే తెలివైన పద్ధతి. అయితే పని నాణ్యత మీద ఇది పూర్తిగా ఆధారపడుతుంది. రోటర్ హౌసింగ్ అల్యూమినియం, దాని లోపలి గోడ ఉక్కు రేకు మీద క్రోమ్ పూత. గ్రైండర్ బర్ ఒక్కసారి జారితే పూత అంచు పెచ్చులూడుతుంది. ఇంకాస్త లోపలికి పోతే నీళ్ల జాకెట్టు తగులుతుంది. మూసే అంచును సరిగ్గా వాలుగా చేయకపోతే, పోర్టు మరీ వెడల్పైతే అపెక్స్ సీలు అక్కడ తట్టుకుంటుంది. తట్టుకున్న సీలు అరుగుతుంది, అరిగిన సీలు మిశ్రమాన్ని కారుస్తుంది, కారిన మిశ్రమం హైడ్రోకార్బన్‌గా బయటపడుతుంది. పోర్టు టైమింగ్ వల్ల కాకుండా చెక్కిన చెయ్యి వల్లే కారు పరీక్ష తప్పడం ఇలాగే జరుగుతుంది.

మూడో వాదం, చెక్కడం మానేసి మార్చమంటుంది. పాత ఆర్ఎక్స్-7లో రెనిసిస్ ఇంజను, దాని కంప్యూటరు, క్యాటలిస్టు, సెన్సర్లతో సహా దించితే శక్తీ వస్తుంది, పొగా తగ్గుతుంది. కాలిఫోర్నియా ఇంజను మార్పిడి నియమాల ప్రకారం కొత్త ఇంజను కారు సంవత్సరానికి సమానమైనదో అంతకంటే కొత్తదో అయ్యుండాలి, దాని ఉద్గార పరికరాలన్నీ వెంట రావాలి, రాష్ట్రం నియమించిన రెఫరీ చూసి ఒప్పుకోవాలి. మూడు వాదాల్లో చట్టంతో సూటిగా కుదిరే దారి ఇదొక్కటే. ఖర్చు, శ్రమ మాత్రం తలనొప్పి పుట్టిస్తాయి. ఇందులో వ్యంగ్యం కూడా ఉంది. టర్బో వేయాలనుకునే కొందరు రెనిసిస్‌నే వెనక్కి నడిపిస్తారు: పక్క పోర్టులు మూసేసి పాత ఇంజను హౌసింగ్‌లు పెట్టి ఎగ్జాస్ట్‌ను మళ్లీ చుట్టుగోడకు తెస్తారు. 2003లో మాజ్దా తీసిన దోషాన్ని తిరిగి కొని తెచ్చుకోవడమిది.

ఇక పందేల వాదం. కారు రోడ్డెక్కదు కాబట్టి నిబంధనలు వర్తించవంటారు. 1991లో లె మాన్ పందెం గెలిచిన నాలుగు రోటర్ల మాజ్దా 787బీకి ఉద్గార పరీక్ష లేదు నిజమే, అది పందెం కోసమే పుట్టిన కారు. రోడ్డు కోసం ధ్రువీకరణ పొందిన కారును పందెం కారుగా మార్చడం వేరు. ఆ మార్పును స్పష్టంగా మినహాయించాలని అమెరికా కాంగ్రెసులో ఆర్‌పీఎం చట్టం పేరుతో బిల్లులు పదే పదే వచ్చాయి, చట్టం మాత్రం కాలేదు.

పరీక్ష ఎటు చూస్తుందో

రోటరీ కాగితాలు పరస్పరం కొట్టుకోవడానికి సగం కారణం పరీక్షలు వేర్వేరు కావడమే. కాలిఫోర్నియాలో పొగ సమస్య ఎక్కువున్న ప్రాంతాల్లో 1976 నుంచి 1999 వరకు తయారైన చాలా కార్లను డైనమోమీటరు మీద గంటకు 15, 25 మైళ్ల వేగాల్లో నడిపి హైడ్రోకార్బన్లు, కార్బన్ మోనాక్సైడ్, నైట్రిక్ ఆక్సైడ్ కొలుస్తారు. 2000, ఆ తర్వాతి కార్లకు గొట్టంలో గొట్టం పెట్టే పనే లేదు, కారు కంప్యూటరునే అడుగుతారు. 1975, అంతకుముందు కార్లకు తనిఖీయే లేదు. కాబట్టి 1975కు ముందరి ఆర్ఎక్స్-2 యజమానికి, 1985 ఆర్ఎక్స్-7 యజమానికి, ఆర్ఎక్స్-8 యజమానికి "పరీక్ష" అన్న మాట మూడు వేర్వేరు సంగతులు. బ్రిటన్‌లో వార్షిక ఎంఓటీ పరీక్ష రోటరీకి ప్రత్యేకంగా ఒక వాక్యం కేటాయించింది: 1987 ఆగస్టు 1కి ముందు రోడ్డెక్కిన వాంకెల్ కార్లకు కంటికి కనిపించే పొగను మాత్రమే చూస్తారు.

మన దగ్గరి పీయూసీ పరీక్ష ఐడిల్‌లో కొలుస్తుంది. బీఎస్-4 పెట్రోలు కారుకు కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం, హైడ్రోకార్బన్లు 200 పీపీఎం దాటకూడదు. మాజ్దా రోటరీ కార్లు ఇక్కడ అధికారికంగా అమ్ముడుపోలేదు కాబట్టి ఇది హైదరాబాద్, విజయవాడ మెకానిక్కుల తలనొప్పి కాదు. కానీ ఐడిల్ పరీక్ష స్వభావం గమనించదగ్గది. మూసే అంచు తప్పంతా ఐడిల్‌లోనే బయటపడుతుంది. తెరిచే అంచు తప్పు లోడు మీద నడిచినప్పుడు గాని తెలియదు. ఐడిల్‌లో నెగ్గిన కారు హైవే మీద శుభ్రంగా ఉందనడానికి ఆ కాగితం ఆధారం కాదు, అలాగే తిరగేసినా కాదు.

అన్నిటికంటే పెద్ద లోపం ఇంకొకటి. పోర్టును ఎవరూ విడిగా చెక్కరు. ఇంజను విప్పితేనే చెక్కగలరు. విప్పినప్పుడు కొత్త సీళ్లు వేస్తారు, తరచుగా కొత్త హౌసింగ్‌లు, కొత్త క్యాటలిస్టు కూడా వేస్తారు, మరికొందరు అదే ఊపులో ఎయిర్ పంపు ఊడబీకుతారు. అంటే "ముందు, తర్వాత" అని చూపే కాగితాల్లో ముందు ఉన్నది అరిగిన ఇంజను, తర్వాత ఉన్నది కొత్తగా కట్టిన ఇంజను. ఫలితం బాగుంటే ఆ ఘనత సీళ్లది కావచ్చు. చెడితే ఆ నింద పంపుది కావచ్చు. దీనికి తోడు, రోటరీ సీళ్లకు నూనె పట్టడానికి ఇంజను ఆయిల్‌ను దహన గదిలోకే కొద్దికొద్దిగా చిమ్ముతుంది. ఆ నూనెలోని భాస్వరం క్యాటలిస్టును మెల్లగా చంపుతుంది. ఈ ఏడు నెగ్గిన కారు మూడేళ్లకు తప్పితే పోర్టునే అనాల్సిన పని లేదు.

చట్టం మాట

అమెరికా క్లీన్ ఎయిర్ చట్టం సెక్షన్ 203 ప్రకారం ధ్రువీకరించిన కారులోని ఉద్గార పరికరాన్ని, లేదా ఆ ధ్రువీకరణకు ఆధారమైన డిజైన్ భాగాన్ని పని చేయకుండా చేయడం నిషిద్ధం. 1970లో ఈ నిషేధం తయారీదారులకు, డీలర్లకు పరిమితం. 1977 సవరణ రిపేరు దుకాణాలను చేర్చింది. 1990 సవరణతో అది ప్రతి వ్యక్తికీ వర్తించింది. ఇంట్లో గ్యారేజీలో సొంత కారు చెక్కుకునేవాడు కూడా ఇప్పుడు దాని పరిధిలోనే ఉన్నాడు. గొట్టం చివర అంకె ఎంత అన్నది ఈ సెక్షన్ మొదటి ప్రశ్న కాదు.

సందు లేకపోలేదు. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 1974లో మెమో 1ఏ పేరుతో, 2020లో దాని స్థానంలో తెచ్చిన విధానంలో, ఉద్గారాలు పెరగవని నమ్మడానికి సహేతుకమైన ఆధారం ఉంటే చర్య తీసుకోబోమని చెప్పింది. కాలిఫోర్నియా వాయు వనరుల బోర్డు ఇచ్చే ఎగ్జిక్యూటివ్ ఆర్డరు అలాంటి ఆధారం. ఆ ఆర్డర్లు ప్రధానంగా డబ్బాలో అమ్మే సరుకును దృష్టిలో పెట్టుకున్నవి: టర్బో కిట్టు, ఇన్‌టేక్ గొట్టం, సూపర్‌చార్జర్. ఒక మెకానిక్ చేతిపనికి, ఒక్కో ఇంజనుకూ ఒక్కో తీరుగా ఉండే చెక్కుడుకు అది ఎలా దొరుకుతుంది? రెండోవైపు, తనిఖీ చేసేవాడు మూత తెరిచి పోర్టు లోపలికి చూడలేడు. చట్టానికి అడ్డుగా ఉన్నది కంటికి కనిపించదు, కంటికి కనిపించేది చట్టానికి అడ్డుగా ఉండకపోవచ్చు. ఈ అంతరంలోనే చెక్కేవాళ్లు చాలామంది బతుకుతున్నారు. దాన్ని చట్టబద్ధత అనుకోవడం మాత్రం పొరపాటు.

మన మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఇంకా సూటిగా ఉంటుంది. తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్లకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో గట్టిగానే చెప్పింది.

తేలనివి

మొదటిది, పక్క పోర్టు నిజంగా ఎంత తగ్గించింది, అందులో ఓవర్‌ల్యాప్ తొలగించడం వాటా ఎంత, మండని కొసను ఇంజనులోనే ఉంచడం వాటా ఎంత అన్న విభజన. పాత చుట్టుగోడ పోర్టునే కాస్త ముందుగా మూసుకునేలా చేస్తే, అంటే పెంచే బదులు మూసే అంచును కొంచెం పూడిస్తే, ఆ లాభంలో కొంతైనా దక్కుతుందా అన్న ప్రశ్న వింతగా ఎవరి నోటా పెద్దగా వినిపించదు. శక్తి కోసం చెక్కేవాళ్లకు అది అక్కరలేదు, ముట్టుకోవద్దనేవాళ్లకు అసలే అక్కరలేదు.

రెండోది, మాజ్దా ఎంచుకున్న కొత్త దారి. 2023లో వచ్చిన ఎంఎక్స్-30 ఆర్-ఈవీలోని 830 సీసీ ఒంటి రోటర్ ఇంజను చక్రాలను తిప్పదు, జనరేటర్‌ను మాత్రమే తిప్పుతుంది. నేరుగా గదిలోకే పెట్రోలు చిమ్ముతుంది. వేగం మాటిమాటికీ మారే పని లేకపోవడంతో రోటరీకి అలవాటైన చెడు ఘడియలు చాలావరకు తప్పుతాయి. 2024లో కంపెనీ రోటరీ అభివృద్ధి బృందాన్ని మళ్లీ కూర్చింది. ఆ పాఠాల్లో ఏవి పాత కార్లకు పనికొస్తాయో ఇంకా చెప్పలేం.

మూడోది అన్నిటికంటే తేలికైనదిగా కనిపించి అన్నిటికంటే మొండిగా నిలిచినది: పోర్టు ఒక్కటే మార్చి కొలిచిన అంకెలు. అందుకు కావలసింది ఒకే ఇంజను, ఒకే తరహా కొత్త సీళ్లు, చెక్కినవీ చెక్కనివీ రెండు జతల హౌసింగ్‌లు, ఒకే క్యాటలిస్టు, దానికి ముందూ వెనకా రెండు చోట్ల కొలిచే గ్యాస్ ఎనలైజరు, డైనమోమీటరుకు కొన్నాళ్ల అద్దె. పనిమంతులైన దుకాణాలకు ఇది అందని పని కాదు. అయితే అంకెలు బాగుంటే ఆ దుకాణానికి అవి సహేతుకమైన ఆధారమవుతాయి, బాగుండకపోతే తన మీద తానే రాసిచ్చిన ఫిర్యాదవుతాయి. కాబట్టి బయటికొచ్చే కాగితాల్లో నెగ్గినవే ఎక్కువుండటంలో ఆశ్చర్యం లేదు, వాటిని లెక్కబెట్టి మెజారిటీ తేల్చడంలో అర్థమూ లేదు.